నాలుగో కార్డు

స్వెటరు గుండీలు మెడదాకా పెట్టుకుని, చెప్పులు బయట విడిచి, ఓదెలు మిషన్ రూము తలుపు తోశాడు. బయట దసరా వెళ్లినా తగ్గని ఎండ. లోపల ఏసీ చలి మోకాళ్లను పట్టుకుంది.

బక్కపలచని మనిషి. వేళ్లు మాత్రం పొడుగు, గౌలిపురలో బర్రెల పాలు పితికి సాగిన వేళ్లు. ఏ బర్రె ఎప్పుడు తంతుందో తెలిసినట్టే, సర్కారు పాల డెయిరీలోని ఆ బీరువాలాంటి పాత కంప్యూటరు ఏ పూట మొరాయిస్తుందో తెలిసిన ఆపరేటరు. తక్కెడ ఒక పళ్లెంలో ఇల్లు, ఇంకో పళ్లెంలో కొలువు పెడితే అతని బతుకు ఎప్పుడూ కొలువు వైపే మొగ్గేది. భార్య రాజమణి పోయాక ఇంటి పళ్లెంలో పెట్టడానికి ఏమీ మిగల్లేదు. నెలాఖరుకు రిటైర్మెంటు. ఇంకో ఏడాది ఉంచమని మేనేజరు ఆనందరావును అడిగితే "చూద్దాం" అన్నాడు. బేరంలో చూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టే.

లోపల విజయలక్ష్మి కాగితాల మధ్య నేల మీద కూర్చుని ఉంది. ప్రోగ్రాములు రాయడానికి ఆ ఏడే చేరిన మాదన్నపేట పిల్ల, ఇంకా ప్రొబేషన్ తీరలేదు. మిషన్ లేవగానే పగ్గాలు పట్టే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. పండుగ ముందు కొత్త కెర్నెల్ ఎక్కించింది ఆమే. సెలవులయ్యాక ఈ పొద్దున మిషన్ లేవనంటోంది.

"మళ్ళ గదే కాడ పడ్డదన్నా." కాగితం చూపించింది. టెర్మినల్ కొన్ని వరుసలు కొట్టి, పానిక్ అని ఆగిపోయింది.

"అంటె ఏంది?"

"పరేషానై చేతులెత్తేసింది అన్నట్టు."

"మిషన్‌కు గూడ పరేషానేనా? మన మేనేజర్ సాబ్ గాలి సోకినట్టున్నది."

ఆమె నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "పండుగ ముందర మంచిగనే లేచింది. ఎవ్వరు నమ్ముతలేరు. పాత కెర్నెల్ ఏస్తె ఇప్పుడు గూడ లేస్తుంది. అందుకే నాదే తప్పంటున్నరు. సాయంత్రం దాక సూస్తరట. గప్పటికి లేవకుంటె కొలువు మర్చిపో అన్నరు."

పుచ్చకాయ తట్టి చూసి కొనేవాడిలా ఓదెలు మిషన్ పక్క మీద వేలితో కొట్టాడు. "పాతదానికి, కొత్తదానికి ఫరక్ ఏంది బిడ్డా?"

"పాతది మూడు మెమరీ కార్డులే వాడుతది. కొత్తది నాలుగూ వాడుతది."

"అంటె పాత కిరాయిదారు ఎనక గది తలుపే తియ్యలె. కొత్తాయన తీసిండు. లోపల ఏమున్నదో సూడాలె గద."

ఆమె తలెత్తింది. ఓదెలు కరెంటు ఆపి నాలుగో కార్డు బయటికి లాగాడు. ఆమె కొత్త కెర్నెల్‌తోనే మళ్లీ మిషన్ లేపింది. పానిక్ రాలేదు. "నా ప్రోగ్రాంల తప్పు లేదన్నా!" అంటూ ఆనందరావు గదికి పరుగెత్తింది.

ఓదెలు కార్డును దీపం కిందికి తెచ్చాడు. అంచున పళ్లలా ఉండే బంగారు రేకుల మీద, రెండు మూడింటిని కలుపుతూ ఎండిపోయిన ఎర్రటి బొట్టు.

ఆయుధ పూజ గుర్తొచ్చింది. కార్డులన్నీ తీసి, రేకులను రబ్బరుతో మెరిసేలా రుద్ది, గుడ్డ మీద పరిచింది తనే. "ఆడపిల్ల చెయ్యి శుభం" అని అటెండరు సక్కుబాయి నీళ్లతో కలిపిన కుంకుమ గిన్నె విజయలక్ష్మి చేతికిచ్చింది. మిషన్ కార్డులను ఆమె దగ్గరగా చూడటం అదే మొదలు. మూడు కార్డులకు నడుమ బొట్టు పెట్టింది. నాలుగోదాన్ని ఓదెలు తలకిందులుగా పరిచాడు. దానికి గడపకు పెట్టినట్టు ఎంతో భక్తిగా, మెరిసే అంచునే చూసి పెట్టింది.

తప్పును తూకం వేస్తే చెరిసగం. కానీ ఆమె తన సగం మోస్తే ముందున్న బతుకంతా మునుగుతుంది. తను మొత్తం మోస్తే పోయేది ఒక్క ఏడాది. ఇంత తేలిక బేరం ఓదెలుకు జన్మలో తగల్లేదు. అయినా ఒకసారి మిషన్ వైపు చూశాడు. తర్వాత జేబులోంచి రబ్బరు తీసి, దూడ మూతి తుడిచినంత మెల్లగా రుద్దాడు.

ఆనందరావు వచ్చేసరికి నాలుగు కార్డులతోనూ మిషన్ లేచి కూర్చుంది.

"ఏమైందయ్యా?"

"పూజనాడు కార్డు సగమే గుచ్చిన సార్. నా పొరపాటే. మేడంది ఏం లేదు."

"నువ్వు గుచ్చంగ నేను సూసిన గదన్నా," అంది విజయలక్ష్మి. "కటుక్కుమని పట్టింది."

"సక్కుబాయి తెచ్చిన చాయ్ చల్లగైతుంది, తాగు బిడ్డా."

ఆనందరావు అతని వేళ్లకేసి చూశాడు. "ఇంకో ఏడాది ఉంటానంటివి ఓదెలూ. చేతులిట్లయితే ఎట్ల మరి?"

"నిజమే సార్. ఇంటికాడ కూసుంట."

నెలాఖరున ఓదెలు దండలూ సభా వద్దన్నాడు. స్వెటరు మడిచి చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు. "రబ్బరు సొరుగుల పెట్టిన. వచ్చే దసరాకు కార్డులు నువ్వే తుడువాలె," అన్నాడు. గౌలిపుర బస్సు ఎక్కేదాకా విజయలక్ష్మి కిటికీలోంచి చూస్తూనే ఉంది.

తర్వాత సొరుగు లాగింది. రబ్బరును దీపం కింద తిప్పింది. ఒక్కసారిగా ఆమె వేలు తన నుదుటి మీదికి పోయి అక్కడే ఆగింది.

ఆమె అరచేతిలో, సగానికి అరిగిన ఆ తెల్ల రబ్బరు ఒక మూలన కుంకుమ ఇంకి ఎర్రగా ఉంది.