దీక్షలో గుడాకు

గోవిందరావు అయ్యప్ప మాల వేసుకున్నది నోట్లో లేచిన తెల్లమచ్చ కోసం.

ఎడమ బుగ్గ లోపల, ఖైనీ పొగాకు నొక్కిపెట్టే చోటే లేచింది అది. నాలుకకు గరుకుగా తగిలేది. ఆసుపత్రిలో పళ్ళ డాక్టరమ్మ అద్దంపుల్ల పెట్టి చూసి, పొగాకు పూర్తిగా మానేసి నెల తర్వాత రమ్మంది. తగ్గితే సరే, తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలంది. ఆ పూట అతని భార్య సత్యవాణి అన్నం ముట్టలేదు.

"మాల ఏసుకో. నాకిచ్చిన మాట నువ్వెప్పుడూ నిలబెట్టలేదు గాని, దేవుడికిచ్చింది తప్పవు," అంది.

అతను బెంగాల్లో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కడ ఒకడి అరచేతిలో ఖైనీ నలిగితే నలుగురి పెదవుల కిందికి పోతుంది. వద్దన్నవాడు ఆ గుంపులోవాడు కాడు. నల్లబట్టలు కట్టాక మాత్రం ఆ చెయ్యి అతని ముందుకు రాలేదు. "స్వామున్నాడ్రా, అవతలికి పోయి నలపండి," అని వాళ్ళే తప్పుకునేవారు.

రెండు రోజులు గడిచేసరికి తల పగిలిపోయింది. చేతిలో స్పానరు నిలవలేదు. చిన్నమాటకు తోటివాడి మీద అరిచాడు. ఆ సాయంత్రం ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల వెనక కుళాయి దగ్గర, పళ్ళు తోముకోవడానికని కాస్త గుడాకు వేలికి తీసుకున్నాడు.

గుడాకు ఈ ఊళ్ళో అందరికీ తెలిసిందే. పొగాకూ బెల్లపు మడ్డీ కలిపిన నల్లముద్ద. ఆడా మగా దానితో పళ్ళు తోముతారు. దాన్ని అలవాటని ఎవరూ అనరు. చిగుళ్ళకు రాసిన కాసేపటికే తలనొప్పి దిగింది. చేతులు కుదుటపడ్డాయి. పళ్ళు తోముకోవడం దీక్షకు అడ్డేమిటి అనుకున్నాడు.

తెల్లవారి చన్నీళ్ళ స్నానానికి ముందు తోమేవాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక తోమేవాడు. భజనకు బయల్దేరే ముందు మళ్ళీ తోమేవాడు. అన్నిసార్లు తోమడానికి నోట్లో ఏముందని ఎవరూ అడగలేదు. కాని సత్యవాణి పెరట్లోకి వస్తే డబ్బా లుంగీ మడతలోకి పోయేది. పళ్ళపొడిని పెళ్ళానికి తెలియకుండా ఎవడూ దాచడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

గురుస్వామి పరబ్రహ్మం రైల్వే ఆఫీసులో గుమస్తా. ఒక రాత్రి భజనలో అందరిముందూ అన్నాడు: "పాతికేళ్ళ ఖైనీ. ఒక్కపూటలో ఒగ్గీసినాడు. అదీ దీక్షంటే!" కన్నెస్వాములు వచ్చి గోవిందరావు పాదాలకు మొక్కారు. అతను కాళ్ళు లోపలికి ముడుచుకున్నాడు. అది వినయమనుకున్నారు.

నెల తిరిగింది. ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు.

డాక్టరమ్మ బెంగాలీ మనిషి. బుగ్గ లాగి పట్టుకుని చాలాసేపు చూసింది. "కొమే ని," అంది. తగ్గలేదని. ఆ తర్వాత అతనికి అర్థమయ్యేలా హిందీలో అడిగింది, "దాదా, నిజం చెప్పండి. మానేశారా?"

అతను నోరు తెరిచేలోపే సత్యవాణి ముందుకొచ్చింది. ఇన్నేళ్ళలో నేర్చిన బెంగాలీ, హిందీ, తెలుగు అన్నీ కలిపి మొదలెట్టింది.

"ఛోడ్ దియా, దీదీ! పూరా ఒగ్గీసినాడు. మాలేసుకున్న మనిషి అబద్ధమాడతాడేటి? నా పుస్తెల మీద ఒట్టేసి..."

మెడలోంచి పుస్తెలు బయటకు తీసి పట్టుకుంది.

"ఒట్టెయ్యకు, మాతా," అన్నాడు గోవిందరావు.

"నువ్వూరుకో స్వామీ, నాను సెప్తన్నాను గదా."

"ఒట్టెయ్యకంటే ఎయ్యకు!"

బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు తలలు తిప్పారు. అతను లుంగీ మడతలోంచి గుడాకు డబ్బా తీసి డాక్టరమ్మ ముందు పెట్టాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. ఇదీ పొగాకే, ఈ నెలంతా మీ నోటికి ఒక్క పూటా విరామం దొరకలేదు అంది. తలనొప్పి, చిరాకు రావడం మీ చేతకానితనం కాదు, నికోటిన్ అడిగే తీరే అంత, మానితే మొదట్లో విపరీతంగా ఉండి తర్వాత సన్నగిల్లుతుంది, మొదటిసారే చెప్పి ఉంటే చర్మానికి అంటించుకునే పట్టీలు ఇచ్చేదాన్ని కదా అంది. అవి రాసిచ్చింది. సోమవారం ముక్క తీస్తానంది.

తిరుగు దారిలో టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కారు. ఇల్లు దగ్గరపడుతుండగా సత్యవాణి పుస్తెలు మళ్ళీ లోపలికి వేసుకుంది.

"నువ్వింకొక్క మాట ఆగుంటే ఒట్టేసీసుందును," అంది. "నీ పేనం మీద. అబద్ధానికి."

"అందుకే గదా సెప్పీసినాను."

"నాను నోరు తెరిసినాక సెప్పినావు. నెలంతా నీ వంటగిన్నెలు ఏరేగా తోమినాను. నవ్వుకున్నావేటి లోపల?"

"నేదు."

"మరేటి సేసినావు?"

టోటో ఆగింది. అతను దిగి డబ్బులిచ్చాడు.

సాయంత్రం అతను అందరికంటే ముందే భజన జరిగే పీఠం దగ్గరకు వెళ్ళాడు. స్వాములు చేరాక నిలబడి చెప్పాడు. నాలుగు మాటలే. ఖైనీ మానాను, గుడాకు మానలేదు, మచ్చ తగ్గలేదు, మీరు నా కాళ్ళకు మొక్కారు.

ఒకడు నవ్వబోయాడు. "గుడాకు పళ్ళకి గదా స్వామీ! దానికీ దోషమేటి?"

పరబ్రహ్మం ఆ నవ్వినవాడి వైపు చూడలేదు. గొంతు సవరించుకుని, దీపం వత్తి సరిచేస్తూ, "అలాగైతే మనలో దోషం నేనివోడు ఎవుడున్నాడు?" అన్నాడు మెల్లిగా. ఆ మాటతో చాలామంది చేతులు తమకు తెలియకుండానే లుంగీ మడతల మీదికి పోయాయి. గోవిందరావు అది చూశాడు. తేలికపడలేదు. అందరిదీ ఒకటే అయినంత మాత్రాన అతని బుగ్గలోది తగ్గదు.

"మాల తీసీమంటారా?" అని అడిగాడు.

"నీకేటనిపిస్తంది?"

"తీసీస్తే నాకు తేలికైపోద్ది. ఉంచీస్తాను."

పరబ్రహ్మం తలూపాడు. శరణుఘోష మొదలైంది. ఆడవాళ్ళ వరసలో సత్యవాణి వచ్చి కూర్చుంది. చప్పట్లు కొట్టింది గాని ఇటు చూడలేదు. గోవిందరావు గుమ్మం పక్కన, వెనకాల కూర్చున్నాడు. భుజానికి పట్టీ అంటించుకున్నా తలనొప్పి మొదలైంది. ఒకరిద్దరు స్వాములు నోరు కడుక్కోవాలని, లుంగీ మడత తడుముకుంటూ లేచి బయటికి వెళ్ళారు. అతని కాళ్ళూ లేవబోయాయి. రెండు చేతులతో మోకాళ్ళు అదిమిపట్టి, మిగిలిన వాళ్ళతో గొంతు కలిపాడు.