రెండు గ్లాసుల కషాయం

మళ్లీ రక్తం ఇచ్చి, మోచేతి మడతలో దూది నొక్కుకుని కూర్చున్నాను. అక్కడ సూది దిగడానికి ఇక చోటు లేదు. నాకు ఓపికా లేదు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి నిట్టూర్చింది. "రక్తంలో మందు మళ్లీ తగ్గిపోయిందమ్మా. డోసు పెంచినా అంతే. నిజం చెప్పండి, మాత్రలు మానేస్తున్నారా?"

నాకు ఒళ్లు మండింది. నాలో పనిచేస్తున్న కిడ్నీ మా అక్కది. ఆ మాత్రలు సరిగా అందకపోతే నా ఒళ్లు దాన్ని పరాయిదనుకుని పాడుచేస్తుంది. ఆ పాడవడం అప్పుడే మొదలైందని కూడా డాక్టరమ్మే అంది. అలాంటిది మానేస్తానా? పైగా నేను మాత్ర మింగేదాకా అక్క ఎదురుగా కూర్చుంటుంది. మింగాక చంటిపిల్లను చూసినట్టు నోరు తెరిపించి చూస్తుంది.

"ఇంట్లో కాచినవేమైనా తాగుతున్నారా? ఆకులు, వేళ్లు?"

ఇంతకుముందు ఎప్పుడడిగినా "వేరే మందులేమైనా వాడుతున్నారా" అనే అడిగేవారు. లేదనేదాన్ని. కషాయాన్ని మందు అని ఎవరనుకుంటారు?

"పొద్దున్నే మా అక్క కషాయం ఇస్తుందండీ. ఎండిన పసుపు పూలు వేసి కాస్తుంది. ఒంట్లో రక్తం పడుతుందంట."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. ఏ పూలో, ఎలా ఉంటాయో గుచ్చి గుచ్చి అడిగింది. "మందుల్ని అరగదీసే ఎంజైములు లివరులో ఉంటాయి. ఈ పూలు వాటిని ఎగదోస్తాయి. మీ మాత్ర ఒంటికి పట్టేలోపే అవి దాన్ని ఖర్చు చేసేస్తున్నాయి. ఇవాళే ఆపేయండి. లివరు మళ్లీ దారికి రావడానికి రోజులు పడుతుంది, అందాకా తరచూ రక్తపరీక్ష చేయాలి." నా మొహంలోకి చూసింది. "అయినా ఇది రక్తం కోసం తాగేది కాదు. దిగులుకు తాగుతారు. మీకు దిగులుగా ఉంటోందా?"

"అలసటండీ, అంతే," అన్నాను.

అక్క కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములు బాగుచేస్తుంది. నేను వెళ్లేసరికి గోరంత స్క్రూ బిగిస్తోంది. మెల్లగా చెబుదామనే వెళ్లాను గానీ, నాకు మెల్లగా చెప్పడం ఎప్పుడు చేతనైంది? అంతా కక్కేశాను.

"పువ్వులేం చేస్తాయే, చోద్యం కాకపోతే!" అంది ముందు. తర్వాత స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసింది. "అంటే, ఇచ్చిన చేత్తోనే నేను..."

"నీకు తెలీదు కదా అక్కా. కానీ ఒక్కటి చెప్పు. అది దిగులుకంట కదా, నాకు దిగులని ఎవరన్నారు?"

అక్క ఎవరిదో కళ్లజోడు తీసి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది.

"నీకోసం కాదే," అంది చివరికి. "ఆపరేషన్ అయినప్పట్నుంచీ పొద్దున లేవబుద్ధి కావట్లేదు. ఊరికే ఏడుపొస్తోంది. ఇచ్చినందుకు కాదు, ఒట్టు. ఎందుకో నాకే తెలీట్లేదు. ఒక్కదాన్నే తాగితే ఎందుకని అడుగుతావు కదా. అందుకే ఇద్దరికీ కాచాను."

ఇన్నాళ్లూ ఆ ఇంట్లో అలసిపోయింది నేనొక్కదాన్నే అనుకున్నాను. నా సూదిపోట్లు, నా మాత్రలు, నా నీరసం. ఎదురుగా కూర్చుని నా నోట్లోకి తొంగిచూసే మనిషి మొహం నేనెప్పుడైనా చూశానా? సిగ్గేసింది.

మర్నాడు పొద్దున అలవాటుగా రెండు గ్లాసులు తీసింది అక్క. గుర్తొచ్చి, రెండూ తిరిగి బోర్లించింది.

"తయారవు, ఆసుపత్రికి వెళ్దాం," అన్నాను.

"నిన్ననేగా చూపించుకున్నావు?"

"నాకు కాదు. నీకు."

రోజూ నా ప్రతి మాటకూ ఎదురు చెప్పే మనిషి, ఆవేళ మారుమాట లేకుండా చెప్పులేసుకుంది. నాకు నిజంగా భయమేసింది అప్పుడే.