బ్రేకు మీద కాలు

మూడు రోజులుగా కూతురు తండ్రిని వదిలిపెట్టలేదు. వంటింటి బల్లకు అటువైపు కూర్చుని, ఇంటర్వ్యూ చేసే ఆఫీసరులా గొంతు మార్చి, ప్రశ్న మీద ప్రశ్న వేసేది. పన్నెండేళ్లు లారీ నడిపి, ఆరు నెలలుగా ఖాళీగా ఉన్న ఆ మనిషి ఏమడిగినా "నడుపుతానండి" అని ఊరుకునేవాడు. అప్పటికే మూడు చోట్ల అదే జవాబు చెప్పి వెనక్కి వచ్చాడు.

"బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే ఉద్యోగం ఎవరిస్తారు నాన్నా?" అని విసుక్కుంది కూతురు.

ఈసారిది స్కూలు బస్సు డ్రైవరు ఉద్యోగం. ఖాళీ ఒక్కటే, వచ్చినవాళ్లు ఐదుగురు. ఇతని వంతు చివరిది. ముందు నలుగురూ ఒకరి తర్వాత ఒకరు బస్సు తిప్పి తెచ్చి ధీమాగా దిగుతుంటే, ఇతను గేటు పక్కన నిలబడి చూశాడు.

రవాణా మేనేజరు కాగితాలు పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. గేటు దాటి కుడికి తిరిగి, మార్కెట్టు దాకా దిగే ఏటవాలు రోడ్డు చుట్టి పదిహేను నిమిషాల్లో రావాలన్నాడు.

గేటు దగ్గర బ్రేకు తొక్కినప్పుడే పాదానికి ఏదో తేడా తెలిసింది. మలుపులో మళ్లీ తొక్కాడు. పెడలు మెత్తగా, ఆగాల్సిన చోటు దాటి లోపలికి పోయింది. గబగబా రెండుసార్లు తొక్కితేగానీ పట్టలేదు. ఎదురుగా దిగుడు. దాని చివర జనం. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగుతూ బస్సును రోడ్డు పక్కకు తెచ్చి ఆపాడు. తాళంచెవి తీసేశాడు.

మేనేజరు చిరాగ్గా గడియారం చూసుకున్నాడు. పొద్దుట్నించీ నలుగురు ఇదే బస్సు నడిపారని, ఎవరికీ రాని అనుమానం ఇతనికే ఎందుకొచ్చిందని అడిగాడు.

"వాళ్ల సంగతి నాకు తెలీదు సార్. పెడలు దిగిపోతోంది. దీన్ని కిందికి దింపను."

"ఉద్యోగం అక్కర్లేదా నీకు?"

ఇంట్లో కూతురు ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుని ఉంటుంది. తాళంచెవి మళ్లీ పెట్టి, నెమ్మదిగా దింపేస్తే సరిపోతుందేమో అని ఒక్క క్షణం అనిపించింది. వేళ్లు మాత్రం దాని చుట్టూ బిగుసుకునే ఉన్నాయి.

"కావాలి సార్. చాలా కావాలి. కానీ వెనక పిల్లలుంటే ఆపేవాణ్ణే. ఇప్పుడు లేరు కదాని ఇంకోలా నడపడం నాకు చేతకాదు."

మేనేజరు దిగి మెకానిక్‌కు ఫోను చేశాడు. మెకానిక్ వచ్చి బస్సు కిందికి దూరేదాకా ఇద్దరూ చెరో పక్క నిలబడ్డారు. ఆ ఇరవై నిమిషాలూ ఇతనికి ఒక యుగంలా గడిచాయి. ఏమీ లేదంటే నలుగురిలో నగుబాటే.

మెకానిక్ తడి వేళ్లతో బయటికి వచ్చాడు. వెనక చక్రం దగ్గర గొట్టం చిట్లి బ్రేకు ఆయిలు కారిపోతోందని, దిగుడులోకి వెళ్లుంటే దేవుడే దిక్కని చెప్పాడు.

మేనేజరు ముఖం పాలిపోయింది. చేతిలోని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈసారి మెల్లగా అన్నాడు.

"సోమవారం ఆరింటికల్లా వచ్చెయ్యండి. ముందు మిగతా బస్సులన్నీ మీరోసారి చూడాలి."

ఇతను తలూపాడు. రోడ్డు పక్క గట్టు మీద కూలబడి, ఇంటికి ఫోను కలిపాడు.