చాచిన చెయ్యి

నేను ఒక చెక్క స్కేలును. రెండడుగుల పొడవు, ఒంటినిండా అంకెలు. చీరాలలో ఒక వడ్రంగి, గుమ్మం చేయగా మిగిలిన టేకు ముక్కను చిత్రిక పట్టి, గీతలు గీసి, దర్జీ మస్తాన్ వలి గారి చేతిలో పెట్టాడు. ఇరవై ఏళ్లు ఆయన దగ్గర మర్యాదగా బతికాను. వలి గారికి నోరు పెద్దదే గాని చెయ్యి మెత్తన. చూపు తగ్గి కొట్టు మూసేనాడు, తన దగ్గర కుట్టుపని నేర్చుకున్న ప్రసూనకు నన్ను ఇచ్చి, "గీత వంకర పోనియ్యదమ్మా ఇది" అన్నాడు.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ప్రసూన చెడ్డది కాదు. ఆమెను ఏడో తరగతిలో బడి మాన్పించారు. ఆ ముల్లు గుండెలో అలాగే ఉండిపోయింది. నాలుగో తరగతి చదివే కూతురు చైత్ర తనలా కాకూడదన్నదే ఆమె ధ్యాస. రోజూ సాయంత్రం పిల్లను మిషను పక్కన కూచోబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకునేది. గుడ్డను అంగుళం తేడా రాకుండా కొలిచే మనిషి, తన కోపాన్ని మాత్రం ఏనాడూ కొలుచుకోలేదు.

"ఏడెనిమిదులెంతే?"

పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టుకోసాగింది.

"నిన్న చెప్పావుగా! నాలాగా మిషను తొక్కుతా బతుకుతావా? చాపు చెయ్యి!"

ఆ అరచెయ్యి నా మీది మూడంగుళాలు కూడా లేదు. ఎప్పుడూ వంకర పోనని గర్వపడ్డ నేను, ఆ రోజు విరిగైనా పోలేదు.

తర్వాత అది అలవాటైంది. పిల్లకు ఎక్కాలు వచ్చాయి, మాటలు పోయాయి. బడిలో సంగతులు ఇంట్లో చెప్పడం మానేసింది. "ఇప్పటికి దారిలో పడింది" అని ప్రసూన పక్కింటావిడతో చెప్పి మురిసిపోయింది.

ఒక ఆదివారం పొద్దున, పుట్టినరోజు గౌనుకని గులాబీరంగు గుడ్డ పరిచింది ప్రసూన. "చైత్రా, ఇట్రా" అని పిలుస్తూ, గీత గీయడానికి నన్ను అందుకుంది. పిల్ల వచ్చింది. గుడ్డ వంక చూడలేదు, నన్నే చూసింది. కళ్లు గట్టిగా మూసుకుని, అడక్కుండానే చెయ్యి చాచింది.

"ఏం తప్పు చేశానో గుర్తు రావట్లేదమ్మా. మెల్లిగా కొట్టవా?"

నేను జారి కింద పడ్డాను. ప్రసూన కూడా నేలమీద కూలబడింది. "గౌను కుడదామనేరా..." అంటూ దగ్గరకు తీసుకోబోతే పిల్ల ఒళ్లు బిగుసుకుంది.

"తప్పు నాది తల్లీ. ఇంకెప్పుడూ కొట్టను."

చైత్ర కళ్లు తెరిచింది. "ఏడెనిమిదులు రాకపోయినా?"

"రాకపోయినా. ఇద్దరం మళ్లీ నేర్చుకుందాం."

పిల్ల తలూపింది గాని నమ్మలేదు.

ప్రసూన మాట తప్పలేదు. లెక్క రాకపోతే గుండీలు వరసలుగా పేర్చి చూపిస్తుంది. కోపం వస్తే లేచి వెళ్లి మొహం కడుక్కొస్తుంది. ఎన్ని నెలలకో ఒక సాయంత్రం, బడిలో ఎవరో వెక్కిరించారని చైత్ర తనంతట తానే చెప్పి ఏడ్చింది. ప్రసూన మిషను ఆపి చివరిదాకా విన్నది.

చైత్ర ఇప్పుడు ఆరో తరగతి. నవ్వుతుంది, తల్లితో వాదిస్తుంది కూడా. నేను ఇంకా కత్తిరింపు బల్ల మీదే ఉన్నాను. నా పక్కనున్న కత్తెర కావాలంటే మాత్రం ఆ పిల్ల నేరుగా రాదు. బల్ల చుట్టూ తిరిగి, అటువైపు నుంచి చెయ్యి పెడుతుంది. ఎందుకని ప్రసూన ఒక్కసారీ అడగలేదు. చేతిలో పని ఆపి, కత్తెర తనే తీసి అందిస్తుంది.