పదో తరగతికి ఒక గుండెకాయ

జమ్మలమడుగు నుంచి కౌసర్ టీచరు ఫోన్ చేసినప్పుడు నేను మజ్జిగ పులుసు కలుపుకుంటున్నాను.

"సార్, పదో తరగతికి గుండె పాఠం వచ్చింది. పుస్తకంలో బొమ్మకు సగం ఎరుపు, సగం నీలం రంగేసినారు. నిజం గుండె గూడా సగం నీలంగా ఉంటాదనుకుంటాండారు మా పిల్లోళ్ళు. రేపు ఒక పొట్టేలు గుండెకాయ తెస్తారా, ఊపిరితిత్తులతో సహా?"

తెస్తానన్నాను. ఉద్యోగాలు ముగిసిన మేం నలుగురం ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, పులివెందుల బడులకు సైన్సు సామాన్లు మోసుకుపోతుంటాం. నేను చదివింది జువాలజీ కాబట్టి ప్రాణమున్నవన్నీ నా వంతు. ఒప్పుకున్నాక గుర్తొచ్చింది, అరవై నాలుగేళ్ళలో నేను మాంసం అంగడి మెట్టెక్కలేదని. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాలేదు.

ఆ మజ్జిగ పులుసు పక్కింటి సుశీలమ్మది. నా భార్య హేమలత కర్మలు ముగిసిన మర్నాటి నుంచి, రెండేళ్ళుగా, రోజూ పన్నెండున్నరకు ఆమె క్యారియరు మా రెండిళ్ళ మధ్య గోడమీద ఉంటుంది. నాకు అన్నం వండటం మాత్రమే వచ్చు. తక్కిన జీవితమంతా ఆ క్యారియర్లో వస్తుంది. ఆ గిన్నెలు మళ్ళీ నైవేద్యం వండే వంటింట్లోకే పోతాయి కాబట్టి ఆమె నియమాలు గట్టివి.

మర్నాడు ఆరింటికి మహబూబ్ బాషా అంగడికి పోయాను.

"ఏం సార్, దోవ తప్పినావా? కూరగాయలు ఆ పక్క," అన్నాడు బాషా కత్తి ఆపకుండానే.

గొంతు తగ్గించి చెప్పాను. "గుండెకాయ కావాలప్పా. ఊపిరితిత్తులు అంటుకొనే ఉండాల."

"గుండెకాయనా!" బాషా గొంతు తగ్గించే మనిషి కాదు. "ఎంతమందికి?"

"నలభైమంది పిల్లలు."

"ఒక్క గుండెకాయ నలభైమందికా? నాలిక్కూడా తగలదు సార్! రెండు కిలోలు తొడ కొడతా, తీసకపో."

"తినేదానికి కాదప్పా, చూసేదానికి. బడిలో పాఠానికి."

వరుసలో నిలబడినవాళ్ళంతా నన్నే చూశారు. బాషా ఒక్క క్షణం ఆలోచించి, అప్పుడే కోసి వేలాడదీసిన పొట్టేలును దించి, గొంతు గొట్టం దగ్గర్నుంచి మొత్తం ఒక్కటిగా, పూలదండ తీసినంత జాగ్రత్తగా తీశాడు. అరిటాకులో చుట్టి, దాన్ని చీరల కొట్టు కవర్లో పెట్టి ఇచ్చాడు.

"మీ వీధోళ్ళు చూస్తే బాగుండదు గదా సార్," అన్నాడు. ఆ మాట బజారంతా వినబడింది.

పూలమ్మే వెంకటసుబ్బమ్మ ఆ వరుసలోనే ఉంది. కత్తెర కోసం నేను ఇంటికి వచ్చేసరికి సుశీలమ్మ గోడవతల నిలబడి ఉంది.

"అన్నా, వెంకటసుబ్బమ్మ ఏందేందో చెప్తాంది."

"ఇది బడికమ్మా."

"బడిలో గుడ్లు పెడ్తాండారని తెలుసు. గుండెకాయలు గూడా పెడ్తాండారా?"

"పాఠానికమ్మా, కోసి చూపించేదానికి."

"వదిన పోయినాక నోరు చప్పబడిందేమో, నేనేమీ అనను. తినాలనిపిస్తే తిను. నా గిన్నెలు మాత్రం ఇచ్చెయ్."

ఇచ్చేశాను. నాలుగు గిన్నెలూ వాసన చూసుకుని లోపలికి పోయింది. బస్సులో ఒడిలో గుండెకాయ, కడుపులో భయం పెట్టుకుని కూర్చున్నాను. ఇక అన్నంలోకి ఏమిటన్నదే నా భయం.

బడిలో కవరు విప్పగానే కౌసర్ టీచరు కిటికీ దగ్గరికి పోయింది. "నాకు ఐదో నెల సార్. మీరు కానీండి."

ముందు బెంచీల పిల్లలు వంగారు, వెనక బెంచీలవాళ్ళు బెంచీలెక్కారు. హాసిని అనే పిల్ల అటూ ఇటూ తిప్పి చూసి, "నీలం యాడుంది సార్?" అంది.

"నీలం లేదమ్మా. అది అచ్చేసినవాళ్ళ రంగు."

గొంతు గొట్టంలో సైకిలు పంపు పెట్టి గాలి కొడితే ఊపిరితిత్తులు ఉబ్బాయి. క్లాసంతా చప్పట్లు. తర్వాత గుండెను కోయబోయి ఆగిపోయాను. ఏది కుడో ఏది ఎడమో తెలియలేదు. జువాలజీ చదివి నలభై ఏళ్ళు దాటింది మరి. సిగ్గు పక్కనపెట్టి, బాషా పొద్దున ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"ఏలుతో నొక్కు సార్. మెత్తంగా ఉండేది కుడిపక్క, గట్టిగా ఉండేది ఎడమపక్క. ఆగమ్మా, బోటీ కడిగే ఇస్తాన్లే! సార్, ఎడమపక్క ఎందుకు గట్టి అంటే నాకు తెలీదు. అది నువ్వే చెప్పల్ల."

ఒళ్ళంతటికీ నెత్తురు తోసేది ఆ పక్కేనని చెప్పాను. పిల్లలు వరుసగా వచ్చి నొక్కి చూశారు. హాసిని ఫోను మీదికి వంగి, "మామా, మనుషులకూ ఇంతేనా?" అనడిగింది.

"మనుషుల్ని నేనింతవరకు కొయ్యలేదమ్మా," అని వచ్చింది జవాబు.

ఇంటికి వచ్చేసరికి రెండు దాటింది. గోడమీద ఏమీ లేదు. అన్నం వండుకుని ఊరగాయతో తిన్నాను. నాలుగింటప్పుడు గోడవతల నుంచి పిలుపు వినబడింది.

"అన్నా, దాన్ని పారేసినావా?"

"లేదమ్మా, పెరట్లో పూడ్చిపెడదామని తెచ్చినా."

"ఈడికి తీసకరా. నిజంగా పాఠమే చెప్పింటే నాకూ చెప్పు. నాకు కడపలో గుండెకు స్ప్రింగేసినారు గదా. కంప్యూటర్లో చూపించినారు, నాకేమీ అర్థం గాలా. అది యాడుంటాదో చూపీ."

గోడమీద పేపరు పరిచి పెట్టాను. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మూడు గజాల దూరంలో నిలబడింది. కాసేపటికి ఆ దూరం గజమైంది. స్టెంటు వేసేది ఇలాంటి దాంట్లోనేనని, గుండె పైన పాకిన సన్నటి నాళాన్ని పుల్లతో చూపించాను.

"ఇదా? ఇంత సన్నందా? ఇది మూసుకున్నందుకా ఆ పొద్దు నాకు అంత నొప్పి!"

"గుండె ఒళ్ళంతటికీ నెత్తురు పంపుతుంది గాని దాని కండకు కావాల్సింది ఇందులోనే రావాలమ్మా."

"అంటే దానికీ క్యారియరు పోవాలన్నమాట," అందామె.



ఆమె చాలాసేపు చూసింది. కొంగు ఎప్పుడు జారిందో తెలియదు. తర్వాత తలకు పోసుకుని, నన్నూ పోసుకోమని, గోడను పసుపు నీళ్ళతో కడిగించింది.

మర్నాడు పన్నెండున్నరకు గోడమీద క్యారియరు కాదు, విస్తరాకు పొట్లం ఉంది. పప్పు, వంకాయ కూర.

"ఇట్లాంటివి తెచ్చిన మర్నాడు ఆకులోనే," అని అవతలి నుంచి తీర్పు చెప్పింది. "తక్కిన దినాలు క్యారియరే."

తింటుండగానే పులివెందుల నుంచి ఒక టీచరు ఫోన్ చేశారు. శుక్రవారం మూత్రపిండాలు కావాలట. ఉండమని చెప్పి, ఎంగిలి చేత్తోనే గోడ దగ్గరికి పోయి అడిగాను.

"శుక్రవారమా! బుద్ధుందా అన్నా? బేస్తారం పెట్టుకోమను."

"గురువారమైతే కుదురుతుంది," అన్నాను ఫోన్లో.

"మీ వాళ్ళందరికీ వీలవుతుందా సార్?"

"అందరినీ అడిగే చెప్తున్నాను," అన్నాను.