మంచు లేని ఊళ్ళో తూగుబల్ల

నా మీద మొదటిసారి కాలు పెట్టినవాళ్ళెవరూ నన్ను మెచ్చుకోలేదు. అమ్మో అన్నవాళ్ళు కొందరు, గోడ పట్టుకున్నవాళ్ళు కొందరు. పెద్ద హోదాలో రిటైరైన ఒకాయన అయితే నన్ను నేలమీద సరిగ్గా పెట్టలేదని కేకలు వేశారు. నేల చక్కగానే ఉంది, నేనూ సరిగ్గానే ఉన్నాను. ఆయన మోకాలే ఆయన మాట వినలేదు. నేను ఒక తూగుబల్లను. మూరెడు వెడల్పున్న గుండ్రటి చెక్క పలక, దాని అడుగున బోర్లించిన గిన్నెలాంటి చెక్క దిమ్మ, అంతే నా ఒళ్ళు. నిలకడగా ఉండకపోవడం నా పని. నా మీద నిలకడగా ఉండడం మనుషుల పని. ఇద్దరిలో నా పనే తేలిక.

నన్ను చేసింది ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే ఎర్రయ్య. విశాఖపట్నం నుంచి పైడితల్లి అనే ఫిజియోథెరపిస్టు కాగితం మీద బొమ్మ గీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. అంగట్లో దొరికే ప్లాస్టిక్‌వి అటో ఇటో విసురుగా ఒరిగిపోతున్నాయనీ, ఆపరేషన్ అయిన కాళ్ళకి నెమ్మదిగా తూగేది కావాలనీ చెప్పింది. ఎర్రయ్య ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బొంగరమైతే ఎంతసేపు తిరిగితే అంత మంచిదమ్మా. ఇది తిరక్కూడదు, పడిపోకూడదు, అలాగని కుదురుగానూ ఉండకూడదంతావు. ఇదేటి పని?"

"మోకాలికి బుద్ధి చెప్పే పని బాబూ," అంది పైడితల్లి.

నాలుగు దిమ్మలు తరిమెన మీద తిప్పుతూ చెక్కి, నచ్చక పక్కన పారేసి, అయిదోది తుమ్మకర్రతో చేశాడు. దాన్ని పలకకి బిగించి, తనే ఎక్కి చూశాడు. క్షణంలో చెక్కపొట్టులో కూర్చున్నాడు. గుమ్మంలో బియ్యం ఏరుతున్న ఆయన భార్య చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. "నలభై ఏళ్ళు బొమ్మలు చేసావు. ఈయాల నువ్వే బొమ్మలాగ పడ్డావు," అంది. ఎర్రయ్య ఒంటికంటిన పొట్టు దులుపుకుని మళ్ళీ ఎక్కాడు. ఈసారి పడలేదు. చేసినవాడు పడి లేచి ఒప్పుకున్న వస్తువుని నేను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

పైడితల్లి క్లినిక్ ఒక మేడ మీద రెండు గదులు. కిటికీలోంచి సముద్రపు గాలి వస్తుంది. స్కూటర్ మీంచి పడినవాళ్ళు, కబడ్డీలో కాలు మెలిపడినవాళ్ళు, వయసు మీదపడి మోకాలి చిప్పలు అరిగినవాళ్ళు, అందరూ నా మీద నిలబడ్డారు. మనుషుల సంగతి నాకు అక్కడే తెలిసింది. నొప్పి ఉన్నప్పుడు చెప్పినమాట అంతా వింటారు. నొప్పి తగ్గిన మర్నాడే తామే వైద్యులైపోతారు.

ఒక మార్చి నెల చివర్లో చంకల్లో కర్రలతో ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. పేరు వంతాల దమయంతి. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. లంబసింగి దగ్గర కొండమీది పల్లె వాళ్ళది. చలికాలం తెల్లారేసరికి గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునే చోటు. గురుకుల పాఠశాలలో చదువుతుండగా కొండలెక్కే శిక్షణకి ఎంపికై హిమాలయాలకి వెళ్ళింది. అక్కడ కాళ్ళకి స్కీలనే పొడవాటి పట్టీలు కట్టుకుని మంచువాలు మీద జారుతున్నవాళ్ళని చూసింది. ఎక్కడం నేర్చుకోవడానికి వెళ్ళిన పిల్ల, దిగడం నేర్చుకుని వచ్చింది. ఏటేటా సెలవులన్నీ దానికే పెట్టి, అదే గురుకులంలో వ్యాయామం టీచరుగా చేరాక కూడా వదలకుండా, దేశం జట్టు జాబితాలో పేరు తెచ్చుకుంది.

"ఎలా పడ్డావమ్మా?" అని పైడితల్లి అడిగింది.

"హిమాలయాల్లో ఔలీలో పోటీలండి. పదకొండో జెండా కాడ మలుపు తిరిగాను. ఎడమ స్కీ మంచులో ఇరుక్కుపోయింది. ఒళ్ళు తిరిగింది గానీ కాలు తిరగలేదు. లోపల టప్‌మని చప్పుడు నాకే వినపడిందండి."

తెగింది తొడ ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టి ఉంచే లిగమెంటు. తొడ వెనక నుంచి పోగు తీసి, దాంతో కొత్త లిగమెంటు వేశారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇక మిగిలింది పైడితల్లి పని.

"మేడమ్, మీరు మంచు చూసారాండి?" అని దమయంతి అడిగింది.

"ఫ్రిజ్జులో చూసాను," అంది పైడితల్లి. "నాకు మంచు తెలీదు. మోకాలు తెలుసు. మిగతాది నువ్వు నాకు నేర్పీ."

ఆ ఒక్క మాటతో ఇద్దరికీ కుదిరింది. మలుపులో బరువు ఏ కాలి మీద పడుతుందో, మోకాలు ఎంత వంగుతుందో, కుదుపు ఎటునుంచి వస్తుందో దమయంతి కూర్చునే చేసి చూపించేది. పైడితల్లి చిన్న పుస్తకంలో రాసుకునేది. రాత్రి చదువుకుని వచ్చి, పొద్దున్న కొత్త వ్యాయామం తయారు చేసేది.

మొదటి నెల నా వంతు రానేలేదు. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి మోకాలు తిన్నగా చాచడం, తొడకండ బిగించి అయిదు లెక్కపెట్టి వదలడం, అంతే. ఎడమ తొడ సన్నబడి అరటి దూటలాగ అయింది. కొండలు దిగిన మనిషి కండ బిగించమంటే కండ కదలక ఏడ్చింది. పైడితల్లి ఓదార్చలేదు. తన వేళ్ళు ఆ కండ మీద ఆనించి, "ఇక్కడ. నా వేళ్ళని నెట్టు," అని గంటసేపు కూర్చుంది. చివరికి వేళ్ళ కింద ఏదో చిన్నగా అదిరింది. ఆ అదురుకి ఇద్దరూ ఎంత సంబరపడ్డారో నేను మూలలోంచి చూశాను.

రెండు నెలలు దాటాక కమ్మీల మధ్య నన్ను పెట్టారు. దమయంతి రెండు కాళ్ళతో ఎక్కింది. మూడో నెలలో కమ్మీ వదిలింది. తర్వాత ఎడమ కాలొక్కటే. ఆ పాదం నా మీద ఎంత వణికేదో నాకు తెలుసు. పైకి మాత్రం మొహం కదలనిచ్చేది కాదు. సాయంత్రాలు తీరం వెంట ఇసకలో నడక, తర్వాత మెత్తటి పరుగు. పొద్దున్న అయిదున్నరకి క్లినిక్ మెట్ల మీద కూర్చుని తాళం కోసం ఎదురుచూసేది. అంత శ్రద్ధగా వచ్చినవాళ్ళని నేను వేరే చూడలేదు.

ఆగస్టులో జట్టు శిక్షకుడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అక్టోబరులో శిబిరం పెడుతున్నారు, రానివాళ్ళ పేర్లు ఆ ఏడాది జాబితాలో ఉండవు.

"వద్దు," అంది పైడితల్లి. "ఇంకా దూకే పనే మొదలెట్టలేదు మనం."

"నాకేటీ నొప్పి లేదండి మేడమ్. వాపూ లేదు. చూడండి."

"నొప్పి లేకపోవడం వేరు, లోపల లిగమెంటు పాతుకోవడం వేరు. అది నీకు పైకి కనపడదు."

దమయంతి తలూపింది. నాలుగు రోజుల తర్వాత పైడితల్లి పక్కగదిలో ఒక ముసలాయన భుజానికి వైద్యం చేస్తుండగా, దమయంతి తలుపు దగ్గరగా వేసి, స్టూలెక్కి నా మీదికి దూకింది. ఒకసారి నిలిచింది. రెండోసారీ నిలిచింది. మూడోసారి నేను ఒరిగాను. ఒరగకుండా ఉండడం నా చేతిలో లేదు. ఆమె ఎడమ మోకాలు లోపలికి మడతపడింది. మోకాలు రెండు చేతులతో పట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది.

పైడితల్లి వచ్చి చూసింది. నేలమీదే ఎదురుగా కూర్చుని, మోకాలిని అటూ ఇటూ కదిపి, లాగి, చాలాసేపు పరీక్ష చేసింది.

"తెగలేదు," అంది చివరికి. "వాస్తుంది. నెలరోజులు వెనక్కి వెళ్ళిపోయాం."

"తిట్టండి మేడమ్."

"ఎందుకు తిట్టడం? నాదీ తప్పే. వద్దన్నాను గానీ, వద్దంటే నీకెలాగుంటాదో అడగలేదు. చెప్పు. ఏటి నీ భయం?"

అప్పుడు ఏడ్చింది దమయంతి. "జాబితాలోంచి పేరు పోతే ఇంకెవరూ పిలవరండి. మా కొండ మీద ఆటలాడే పిల్లలందరూ నన్ను చూసే పరిగెడతన్నారు. నేను ఆగిపోతే వాళ్ళకేటి చెప్పాలండి?" అని అడిగింది. "నాకు చేతనైనది ఒకటే. నీ మోకాలు నిన్ను ఆపకుండా చూస్తాను. మిగతావాళ్ళు ఆపితే నువ్వు చూసుకో," అంది పైడితల్లి.

ఆ సాయంత్రమే దమయంతి శిక్షకుడికి జవాబు రాసింది. శిబిరానికి రాలేను, మోకాలు ఇంకా సిద్ధం కాలేదు అని రెండే వాక్యాలు. జాబితాలో ఆమె పేరు కొట్టేశారు. నా మీద నిలబడడం కంటే ఆ రెండు వాక్యాలు రాయడమే ఆమెకి కష్టమైందని నా నమ్మకం.

డిసెంబరు చివరికి ఒంటికాలి గెంతులో ఎడమకాలు కుడికాలితో సమానంగా వచ్చింది. పైడితల్లి ఇక ఆడవచ్చని కాగితం మీద సంతకం పెట్టి, నన్ను గోనెసంచిలో చుట్టి దమయంతి చేతికిచ్చింది. "పొద్దున్నే పది నిమిషాలు. మానకు," అంది. అలా నేను రైలెక్కి, బస్సెక్కి, జీపెక్కి ఔలీ చేరాను. జట్టులో కాకుండా రాష్ట్రం తరఫున విడిగా పోటీకి పేరు ఇచ్చింది దమయంతి.

మొదటిరోజు వాలు మీద నుంచి తిరిగొచ్చి, గదిలో నా మీద కూర్చుని పైడితల్లికి ఫోన్ చేసింది. ఎడమవైపు మలుపులు తిరుగుతోంది గానీ కుడివైపుకి తిరగాలంటే బరువంతా ఎడమకాలి మీద పడాలి, ఆ క్షణంలో ఒళ్ళు దానంతటదే లేచిపోతోంది. "కాలు బాగుంది మేడమ్. నాకే నమ్మకం లేదు," అంది.

"అయితే చిన్నవాలుకి పో. నమ్మకం వచ్చినదాకా అక్కడే ఉండు. సిగ్గేటి?"

మర్నాటి నుంచి పదకొండు రోజులు, జాతీయ పోటీల్లో జారిన మనిషి, సెలవులకి వచ్చి మొదటిసారి స్కీలు కట్టుకున్నవాళ్ళ మధ్య వరసలో నిలబడింది. వాళ్ళు పడుతూ లేస్తూ ఆమె కూడా తమలాంటిదే అనుకుని ధైర్యం చెప్పేవాళ్ళు. ఆమె నవ్వి, థాంక్యూ చెప్పి, కుడివైపుకి ఒక మలుపు, మళ్ళీ పైకి నడక, మళ్ళీ ఒక మలుపు. పన్నెండోరోజు పెద్దవాలుకి వెళ్ళింది.

ఆ పొడి చలికి నా జిగురు విడిపోయింది. ఒకరోజు పొద్దున్న దిమ్మ ఊడి దొర్లిపోయింది. నేను వట్టి పలకనైపోయాను. దమయంతి నన్ను పారేయలేదు గానీ, నాతో ఇక పనీ లేదు. ఆ పని ఆమె కాళ్ళు నేర్చేసుకున్నాయి.

పోటీరోజుకి పైడితల్లి వచ్చింది. వారం రోజులు క్లినిక్ మూసి, రెండు స్వెట్టర్ల మీద శాలువా చుట్టుకుని వచ్చింది. మంచులో నిలబడలేక కాళ్ళు మార్చి మార్చి గెంతుతుంటే దమయంతి నన్ను తెచ్చి ఆమె పాదాల కింద వేసి పైకి వెళ్ళిపోయింది. చుట్టూ అంత ఎత్తు తెల్లటి కొండలుంటే పైడితల్లి ఒక్కదానివైపూ తలెత్తలేదు. వచ్చేవాళ్ళందరి మోకాళ్ళే చూస్తూ నిలబడింది. ఒకడి కుడికాలు బలహీనంగా ఉందని తనలో తను గొణుక్కుంది కూడా.

దమయంతి దిగింది. ఆమె పాదాల కింద ఉన్న నాకు వాలు కనపడదు. పైడితల్లి పాదాలు నా మీద బిగిసిన తీరుని బట్టే నేను లెక్కపెట్టుకున్నాను. కుడి, ఎడమ, కుడి, ఎడమ. పదకొండో జెండా దగ్గర ఆమె బొటనవేళ్ళు బూట్లలోంచి కూడా నన్ను గట్టిగా అదిమాయి. తర్వాత మడమలు నెమ్మదిగా దిగాయి. పంతొమ్మిది మందిలో దమయంతి ఆరోది. పతకం రాలేదు.

ఆమె గీత దాటి ఆగి, ఎగిసిన మంచుపొడిలోంచి ఇటువైపు చెయ్యి ఊపుతుండగా, పైడితల్లి పక్కనే ఉన్న ఒక నడివయసు మనిషి మాట కలిపాడు. జాబితాలోంచి పేరు కొట్టేసిన శిక్షకుడు అతనే. ఈ అమ్మాయికి వైద్యం చేసింది మీరేనటగా, ఆపరేషన్ ఏ మోకాలికి అని హిందీలో అడిగాడు.

పైడితల్లి నోరు తెరిచింది. చెప్పబోయి ఆగింది. తనకొచ్చిన విశాఖ హిందీలో, "మీరు చూశారుగా. మీరే చెప్పండి," అంది.

అతను ఫోన్ తీసి, తను పట్టిన వీడియోని మొదటినుంచి చూశాడు. మళ్ళీ చూశాడు. మలుపుల దగ్గర ఆపి, వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. పాతికేళ్ళుగా ఆటగాళ్ళ కాళ్ళు చూస్తున్న మనిషి. చివరికి ఫోన్ జేబులో పెట్టుకుని, సందేహం లేకుండా అన్నాడు.

"కుడిది."

పైడితల్లి నవ్వింది. నా మీద నిలబడలేక ఒరిగిపోయి ఆ శిక్షకుడి చెయ్యి పట్టుకునేంతగా నవ్వింది.