అరవై ఒకటో మెయిల్

తెలుగు నేతవాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ ఒక మరాఠీ ఊళ్లో, కుంఠా నాకా దగ్గర అంబాదాస్ నడిపే తువ్వాళ్ల కార్ఖానాలో ఎనిమిది మరమగ్గాలు, ఒక కంప్యూటర్ ఉన్నాయి. మగ్గం ఆగితే ఏం చేయాలో ఆయనకు తెలుసు. కంప్యూటర్ ఆగితే మాత్రం దాని నెత్తి మీద ఒకటి కొట్టేవాడు. పదమూడేళ్లుగా ఆ వైద్యం బాగానే పనిచేసింది. దసరా సెలవుల తరువాత కార్ఖానా తెరిచిన మంగళవారం నాడు పనిచేయలేదు.

పొద్దున్నే ఆయన మెయిల్ ప్రోగ్రామ్ తెరిచాడు. పది రోజుల ఉత్తరాలు పేరుకుని ఉన్నాయి. కింద నీలం గీత ఒకటి పాక్కుంటూ, రెండువందల పద్నాలుగు మెయిళ్లలో ఎన్ని దిగాయో చూపిస్తోంది. యాభై తొమ్మిది, అరవై, అరవై ఒకటి... అంతే, కిటికీ మొత్తం మాయమైంది. తప్పు జరిగిందని గానీ, క్షమించమని గానీ ఒక్క ముక్క లేదు. మళ్లీ తెరిచాడు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి, సరిగ్గా అరవై ఒకటి దగ్గర ప్రాణం విడిచింది. పదకొండు గంటలకల్లా ఆయన తొమ్మిదిసార్లు తెరిచాడు. ఫలితంగా ఒక నూలు వ్యాపారి పంపిన దసరా శుభాకాంక్షలు ఆయనకు తొమ్మిదిసార్లు అందాయి. కావలసిన ఉత్తరం మాత్రం దిగలేదు.

ఆ ఉత్తరం కొచ్చిలోని ఒక హోటల్ వాళ్లది. నాలుగు వేల తువ్వాళ్లు. అంచు మీద హోటల్ పేరు ఎలా నేయాలో డ్రాయింగ్ పంపామని, సాయంత్రం అయిదులోగా అదే మెయిల్‌కు జవాబు రాకపోతే వేరే మిల్లును చూసుకుంటామని అక్కడి షీజా మేడం పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. వాట్సాప్‌లో పంపమని అంబాదాస్ బతిమాలాడు. తమ కంపెనీలో అది చెల్లదంది.

కొడుకు నితిన్ నూలు కోసం ఇచల్‌కరంజి వెళ్లాడు. ఫోన్ చేస్తే, "బంద్ చేసి మళ్ల చాలూ చెయ్యి బాపూ" అన్నాడు.

"పొద్దటి సంది గదే చేస్తున్న. నీ లెక్కనే ఉన్నదిది, చెప్తే ఇంటలేదు" అని అంబాదాస్ ఫోన్ పెట్టేశాడు.

ఆఫీసు గది గడప మీద ఆయన భార్య నర్సమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చుట్టవలసిన అవసరం ఇప్పుడు లేదు. కానీ నలభై ఏళ్ల అలవాటు, మానేస్తే వేళ్లు ఊరుకోవడం లేదు. ఆమె పక్కనుంచి దాటుకుంటూ పెంటప్ప లోపలికి వచ్చాడు. నర్సమ్మకు అన్న. అశోక్ చౌక్‌లో ఇల్లు, సమాజం అనే కులసంఘంలో అయిదు పదవులు, రోజూ పదకొండింటికి చెల్లెలి ఇంట్లో చాయ్.

"ఏంది బావా, మిషిన్ ఖరాబ్ అయిందా?"

"ఖరాబ్ గాలేదు బావా. దానికి నా మొఖం నచ్చుత లేదు."

"వైరస్. పక్కా వైరస్. ఫార్మాట్ కొట్టు."

చాయ్ తెచ్చిన కోడలు శీతల్ గ్లాసు చేతిలో పట్టుకుని ఆగిపోయింది. "ఫార్మాట్ కొడితే పదమూడేండ్ల మెయిళ్లు పోతయి మామా."

శీతల్ ఈ ఇంటికి వచ్చి రెండేళ్లయింది. పెళ్లికి ముందు పుణేలో మూడేళ్లు ఉద్యోగం చేసింది. కంప్యూటర్లు మొరాయించినవాళ్లు ఫోన్ చేసి తిడుతుంటే, తిట్లలోంచి జబ్బు ఏమిటో ఏరుకుని చెప్పడం ఆమె పని. ఈ ఇంట్లో కంప్యూటర్ ముట్టుకోవద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ముట్టుకోమనీ ఎవరూ అనలేదు.

"నేనొకసారి జూడనా మామా?"

"నువ్వేం జూస్తవ్ బిడ్డా? నీది ఫోన్ల ముచ్చట వెట్టే నౌకరి గదా" అన్నాడు అంబాదాస్.

"ఆ ముచ్చట గిదే మామా. మూడేండ్లు గిదే వెట్టిన."

"జూడనియ్యి" అంది నర్సమ్మ చాటలోంచి తల ఎత్తకుండా. "తొమ్మిదిసార్లు జూసి నువ్వేం పీకినవ్?"

అంబాదాస్ లేచాడు. శీతల్ ఆయన కుర్చీలో కూర్చుని, పుణేలో అందరినీ అడిగినట్టే అడిగింది. "ఇది చెడిపోకముందు ఏమన్న మార్చిన్రా?"

"కొట్టిన."

"అది గాక?"

"ఇంకో దిక్కు కొట్టిన."

ఆమె ప్రోగ్రామ్‌కు తగిలించిన అదనపు సరంజామా అంతా తీసేసి తెరిచింది. అరవై ఒకటి దగ్గర పోయింది. వైరస్‌ను పట్టే కాపలా ప్రోగ్రామ్‌ను కాసేపు పక్కకు జరగమంది. అరవై ఒకటి. తొమ్మిదేసి సార్లు చేరిన మెయిళ్లు తుడిచి, పెట్టెను ఖాళీ చేసి, మళ్లీ దింపింది. అరవై ఒకటి. ఇదంతా అయ్యేసరికి మూడు దాటింది; మధ్యలో ఇంటికి పోయిన పెంటప్ప మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ప్రతిసారీ వెనక నిలబడ్డ అంబాదాస్ ముఖంలో కొంచెం కొంచెంగా ఊరట పెరిగింది. మిషిన్ తనొక్కడినే కాదు, ఎవరినీ లెక్కచేయడం లేదు.

"మంచిగయింది" అంది శీతల్.

"ఏం మంచి బిడ్డా?"

"ప్రతిసారి ఒక్క జాగల్నే సస్తున్నది మామా. ప్రోగ్రామ్‌ల రోగముంటే ఓసారి ఇక్కడ, ఓసారి అక్కడ సస్తుండె. జకార్డ్ అట్టల ఒక్క తూటు తప్పు పడితే ప్రతి తువ్వాల్ల అదే జాగల తప్పొస్తది సూడున్రి, గట్లనే ఇది. అరవై ఒకటో మెయిల్‌లనే ఏదో ఉన్నది."

అంబాదాస్ ఆమె వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. మగ్గం మీద బొమ్మ తీసే జకార్డ్ అట్ట సంగతి ఈ అమ్మాయికి ఎవరు చెప్పారో ఆయనకు అర్థం కాలేదు. రోజూ ఆ మగ్గాల పక్కనుంచే ఆమె చాయ్ తెస్తోందన్నది ఆయనకు తట్టలేదు.

"మరేం చెయ్యాలె?"

"ఈ ప్రోగ్రామ్ ఇడిసిపెట్టి ఇంటర్నెట్‌ల మన మెయిల్ తెరుస్త. ఆ ఒక్కటి పక్కకు వెడితే మిగిలినయి దిగుతయి. పాస్‌వర్డ్ చెప్పున్రి."

అంబాదాస్ ముఖం ఒక్కసారిగా గంజి పెట్టిన నూలులా బిగుసుకుంది. "యాదికి లేదు."

"నా పేరే యాదికుండదు, గదేం యాదికుంటది" అంది నర్సమ్మ.

"ఫికర్ లేదు మామా. ప్రోగ్రామ్‌కు యాదికున్నది. సెట్టింగుల నొక్కితే జూపిస్తది."

"వద్దు!" అని ఆయన అరిచిన అరుపుకు మూడో మగ్గం దగ్గర పనివాడు తొంగిచూశాడు. "అది... దేవుని పేరు. బయటికి అనొద్దు."

"దేవుని పేరయితే పదిసార్లు అనాలె గదా బావా" అన్నాడు పెంటప్ప.

"బావా, నీకు బువ్వ యాళ్లయింది. ఇంటికి పో."

"తినొచ్చిన."

"అశోక్ చౌక్‌ల నీకోసం ఎవరో ఎదురు జూస్తున్నరట."

"జూడనీ."

గోడ గడియారం మూడున్నర దాటింది. శీతల్ మామ ముఖం చూసింది, గడియారం చూసింది, నొక్కింది. వరుసగా ఉన్న నల్లచుక్కలు అక్షరాలయ్యాయి.

పెంటప్ప కళ్లజోడు తగిలించుకుని తెర మీదికి వంగాడు. సభల్లో దాతల పేర్లు చదివే గొంతుతో ఒక్కో ఇంగ్లీషు అక్షరం చదవడం మొదలుపెట్టాడు. "పీ, ఈ, ఎన్, టీ, ఏ... అరె! పెంటప్ప! నా పేరు!" ఆయన బావ వైపు తిరిగాడు. "నా పేరు వెట్టుకున్నవా బావా? ఇన్నేండ్లు గీ సంగతి చెప్పనేలేదు గదా!"

అంబాదాస్ కళ్లు మూసుకున్నాడు.

"ఇంకా ఉన్నదే. జీ, ఏ, డీ, ఐ, డీ, ఏ..." పెంటప్ప ఆగాడు. పెదవులు కదిపి కూడబలుక్కున్నాడు. "గాడిద. ఫోర్ ట్వెంటీ."

ఎనిమిది మగ్గాలూ తమ మానాన తాము మోగుతున్నాయి. నర్సమ్మ చేతిలో కత్తెర ఆగింది. ఆ తరువాత ఆమె నవ్విన నవ్వుకు చాట బోర్లాపడి బీడీ ఆకు గడప నిండా పరుచుకుంది.

"నేను గాడిదనా?" అన్నాడు పెంటప్ప.

"పదమూడేండ్ల కింద సమాజం సభల నా చేతులకెళ్లి మైకు గుంజుకున్నవ్" అన్నాడు అంబాదాస్ గోడ వైపు చూస్తూ. "నిన్ను అధ్యక్షుని చేసిన్రని నాలుగు మంచి మాటలు రాసుకొని వచ్చిన. రాత్రంతా కూసోని రాసిన. ఒక్కటి చెప్పనియ్యకపోతివి. అగో, ఆ వారంలనే గీ మెయిల్ పెట్టించిన. రోజు పొద్దుగాల ఆ మాట తలుసుకుంటే కడుపుల సల్లగుంటుండె."

పెంటప్ప బుర్ర గోక్కున్నాడు. ఆయనకు మైకు గుంజుకున్న సంగతే గుర్తులేదు. చాలామంది దగ్గర గుంజుకున్నాడు.

శీతల్ ఈలోగా తన పని తాను చేసుకుపోయింది. ఇంటర్నెట్‌లో పెట్టె తెరుచుకుంది. అన్నిటికన్నా పాతదాని నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి, అరవై ఒకటో వరుస దగ్గర వేలు ఆపింది. "దొరికింది మామా. కానీ..." అని నీళ్లు నమిలింది. "ఇది పెంటప్ప మామ పంపిందే."

అది పెంటప్పకు జరిగిన సన్మానం ఫోటోల కట్ట. ఫోటోల బరువు పెద్ద ఇబ్బంది కాదు. ఆ కట్టకు పెంటప్ప ఫోన్‌కు నోటితో చెప్పి టైపు చేయించిన తెలుగు పేరే ఇబ్బంది. "శ్రీమాన్ పెంటప్పగారికి సమాజరత్న బిరుదు ప్రదాన మహోత్సవ..." అంటూ అది ఊపిరి తీసుకోకుండా సాగింది. మెయిల్‌లో ఒక్కో తెలుగు అక్షరం తొమ్మిది గుర్తులై కూర్చుందని, అంత పొడుగు పేరు ఈ పాత ప్రోగ్రామ్ గొంతుకు అడ్డం పడిందని శీతల్ చెప్పింది.

అంబాదాస్ ముఖం వెలిగిపోయింది. "జూసినవా! నా కార్ఖానా ఆపింది నువ్వే!"

"పేరు పెద్దగుండుడు నా తప్పా?"

"నాలుగు అక్షరాలు చాలు మామా" అంది శీతల్.

"మరి సమాజరత్న యాడ వెట్టాలె?"

"నెత్తి మీద వెట్టుకో" అంది నర్సమ్మ ఆకు ఏరుకుంటూ.

"డిలీట్ కొట్టు" అన్నాడు అంబాదాస్. పెంటప్ప కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకోసాగాడు. అది చూసి శీతల్ డిలీట్ కొట్టకుండా మెయిల్ తెరిచింది. లోపల రెండే వాక్యాలు. "బావా, నీ కుర్చీ ఖాళీగ ఉండె. ఫోటోలన్న జూడు."

మొదటి ఫోటోలో పెంటప్ప నెత్తిన టోపీ, ఒక చేతిలో కొబ్బరికాయ, భుజాల మీద తువ్వాల. అంబాదాస్ తెరకు దగ్గరగా వచ్చాడు. ఆకుపచ్చ అంచు, పక్కన సన్నటి పసుపు గీత. నిద్రలో చూపించినా ఆయన గుర్తుపట్టగలడు.

"ఇది మనది గదా?"

"వేరే దుకాణందేదో తెచ్చిన్రు" అన్నాడు పెంటప్ప. "ఒల్లనన్న. మా బావ కార్ఖానాలదయితేనే కప్పుకుంటనన్న. ఇరవై నిమిషాలు సభ ఆపిన."

అంబాదాస్ ఏదో అనాలనుకున్నాడు. ఈలోగా శీతల్ మిగతా ఫోటోలు తిప్పింది. ముప్పై ఎనిమిది ఫోటోలలోనూ పెంటప్ప చేతిలో మైకు ఉంది.

"ఒక్క ఫోటోలనన్న దాన్ని ఇడిసినవా బావా?" అన్నాడు అంబాదాస్. కానీ గొంతులో ఇంతకుముందున్న కారం లేదు. "శీతల్, గవి వేరే జాగల భద్రంగ వెట్టు."

ఆమె ఆ మెయిల్‌ను వేరే అరలోకి జరిపి, ప్రోగ్రామ్ తెరిచింది. నలుగురూ నీలం గీతనే చూశారు. అరవై. అరవై ఒకటి. అరవై రెండు. ఎవరూ కదలలేదు. రెండువందల పదమూడు దాకా పోయి అది మర్యాదగా ఆగింది. పాస్‌వర్డ్ ఇక వీధి మొత్తానికి తెలిసినట్టేనని శీతల్ అప్పుడే దాన్ని మార్చేసింది. కొత్తది ఏమిటో ఇద్దరు బావలకూ చెప్పలేదు.

కొచ్చి మెయిల్ తెరిచేసరికి నాలుగుంబావు. అంబాదాస్ డ్రాయింగ్ చూసి వెంటనే తల అడ్డంగా ఊపాడు. "మెయిల్‌ల అంచు ముప్పై మిల్లీ అని రాసిన్రు. బొమ్మల యాభై ఉన్నది. యాభై నేస్తే అక్షరాలు లావుగ వస్తయి. అడుగు."

"ఒప్పుకున్నమని రాసి, చివరికి అడుగుదమా?"

"నువ్వే జూసి రాయి. ఇంగ్లీషుల మర్యాద నాకెట్ల తెలుస్తది?"

జవాబు పోయేసరికి నాలుగూ నలభై. పది నిమిషాలకు షీజా మేడం ఫోన్ చేసింది. బొమ్మలో తప్పు తమదేనని, ముప్పయ్యే కావాలని, ఆర్డర్ ఖాయమని హిందీలో చెప్పింది. ఆ తరువాత, ఈ మెయిల్ ఎవరు రాశారని అడిగింది. మూడు నెలల్లో అంబాదాస్ నుంచి తమకు వచ్చిన జవాబులన్నీ ఒక్క "ఓకే"తోనే ముగిశాయట.

"మా కోడలు" అన్నాడు అంబాదాస్. ఆవిడ ఏదో అంది. ఆయన ఫోన్ శీతల్ చేతికిచ్చాడు. "నీతోనే మాట్లాడుతదట. రంగు సంగతి ఏందో."

శీతల్ ఫోన్ చెవికి ఆనించి, కాగితం దగ్గరికి లాక్కుంది. "నమస్తే మేడం, చెప్పండి" అన్న మాట, మూడేళ్లపాటు రోజుకు అరవైసార్లు అన్న ఆ మాట, నోటికి అలవాటుగానే వచ్చింది. కాకపోతే ఈసారి అవతల ఎవరూ తిట్టడం లేదు. నీలం ఎంత ముదురుగా ఉండాలో అడిగి రాసుకుంది. నమూనా శుక్రవారం పంపుతామంది, మామను అడక్కుండానే.

అంబాదాస్ కాసేపు విన్నాడు. తరువాత పెంటప్ప భుజం మీద చెయ్యేసి, "నడువు బావా, నమూనా నేయనీకి మూడో సాంచె మగ్గం ఖాళీ చేయిద్దం. శుక్రారం అన్నది" అని మగ్గాల వైపు తీసుకుపోయాడు.